అంతగా పేరు వినబడని కవయిత్రి జీవితాన్ని రాయడం ఎలా: లూసీ లార్కం ఉదాహరణగా

పత్తొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవయిత్రి అనగానే మన డిగ్రీ, పీజీ తరగతుల్లో ఎమిలీ డికిన్సన్ పేరు తప్ప మరొకటి వినబడదు. ఆమె బతికి ఉన్న కాలంలో, అంటే 1830 నుంచి 1886 వరకు, అచ్చులోకి వచ్చిన ఆమె కవితలు పదికి అటూ ఇటూగా మాత్రమే ఉన్నాయి. ఆ రోజుల్లో పత్రిక తిరగేసిన పాఠకులకు కనిపించిన పేర్లు వేరు. లిడియా సిగర్నీ, ఆలిస్ కేరీ, ఫీబీ కేరీ, ఫ్రాన్సెస్ హార్పర్, సారా పయట్, సీలియా థాక్స్‌టర్, లూసీ లార్కం వంటివారి పద్యాలను అప్పట్లో ఇళ్లలో పైకి చదువుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఈ పేర్లు చాలావరకు పాఠ్యపుస్తకాల నుంచి జారిపోయాయి. వారిలో ఒకరి జీవితాన్ని తెలుగులో పదిహేను, ఇరవై పేజీల వ్యాసంగా రాయదలచినవారి కోసం, ముఖ్యంగా నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో చదువుతూ సెమినార్ పత్రానికి విషయం వెతుక్కుంటున్న విద్యార్థుల కోసం, నాకు తెలిసిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఇటువంటి వ్యాసాలు ఎక్కువగా ఒకే చోట చెడిపోతాయి. పుట్టిన తేదీ, చదువు, పుస్తకాల పేర్లు, మరణం అనే వరుసలో రాసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే వివరాల పత్రం వంటిదే. పెద్ద కవుల విషయంలో ఆ వరుసను పాఠకుడు సహిస్తాడు, ఎందుకంటే కవిత్వం అతనికి ముందే తెలుసు. పేరే వినని కవయిత్రి విషయంలో సహించడు. అందుకని వ్యాసానికి వెన్నెముకగా ఒక ప్రశ్నను పెట్టుకోవాలి: ఆమె ఏ యేట ఏం పని చేసి బతికింది? ఈ ప్రశ్నకు సంవత్సరాల వారీగా జవాబు దొరికితే కవితలు, స్నేహాలు, ఊర్లు మారడం, పెళ్లి చేసుకోవడం లేదా చేసుకోకపోవడం, అన్నీ వాటంతట అవే తమ చోట్లలోకి వస్తాయి.

ఎవరిని ఎంచుకోవాలి

ఎంపికలో అభిమానం కంటే ఆధారాలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. 1848లో కరోలిన్ మే, ఇంచుమించు అదే సమయంలో రూఫస్ గ్రిస్‌వోల్డ్ అమెరికన్ కవయిత్రుల సంకలనాలు తెచ్చారు. పేర్ల కోసం వెతికేవారికి అవి మంచి మొదటి మెట్టు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోల్కొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవులను ఒక్కచోట చేర్చినందువల్లనే పాలమూరు పల్లెల్లోని ఎందరో కవుల పేర్లు మనకు మిగిలాయన్నది అందరికీ తెలిసినదే. అయితే సంకలనం పేరును నిలబెడుతుందే కాని జీవితాన్ని చెప్పదు. నాలుగు వాక్యాల పరిచయంతో ఇరవై పేజీలు రాయబూనితే మిగతాదంతా ఊహతో నింపవలసి వస్తుంది.

కాబట్టి ఎంచుకునే ముందు మూడు రకాల ఆధారాలు ఉన్నాయో లేవో చూసుకోవాలి: ఆమె తన గురించి తాను రాసుకున్నది, ఆమె ఉత్తరాలు లేదా డైరీ, ఆమె బతికిన చోటునే బతికిన మరొకరి రాత. ఈ మూడూ ఉన్నవారు తక్కువ. ఫ్రాన్సెస్ హార్పర్ 1825లో బాల్టిమోర్‌లో స్వేచ్ఛ గల నల్లజాతి కుటుంబంలో పుట్టి, బానిసత్వానికి వ్యతిరేకంగా ఊరూరా ఉపన్యసించిన గొప్ప కవయిత్రి. ఆమె ఉత్తరాలు కొన్నింటిని 1872లో విలియం స్టిల్ తన గ్రంథంలో అచ్చు వేశాడు కాబట్టి ఆమె మీద రాయడం సాధ్యమే. సారా పయట్ కవితలు నాకు లార్కం కవితల కంటే చాలా ఇష్టం, కాని ఆమె మాట్లాడే గొంతు ఎప్పుడూ ఒక పాత్ర గొంతుగా ఉంటుంది. దాని నుంచి జీవితాన్ని బయటికి లాగడం మొదటి వ్యాసం రాసేవారి పని కాదు. లూసీ లార్కంకు మూడు ఆధారాలూ ఉన్నాయి. పైగా ఆమె పదకొండేళ్లకే నూలు మిల్లులో కండెలు మార్చే పనికి కుదిరిన పిల్ల. పోచంపల్లి, పుట్టపాక, చండూరు, గద్వాల, నారాయణపేట మగ్గాల చప్పుడు చెవిన పడుతూ పెరిగిన పాఠకుడికి ఆ పని కొంత తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ తెలిసినతనంలో ఒక చిక్కు కూడా ఉంది. దాని మాట తర్వాత చెబుతాను.

ఆధారాలను ఏ వరుసలో చదవాలి

లార్కం 1893లో మరణించింది. మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత రచనలు అందరి సొత్తు అవుతాయి కాబట్టి ఆమె రాసినది ఏదైనా మీరు స్వేచ్ఛగా అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఆమె ఆత్మకథ ‘ఎ న్యూ ఇంగ్లండ్ గర్ల్‌హుడ్’ 1889లో వచ్చింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లో కూడా చదువుకోవచ్చు. ఆమె పోయిన మరుసటి యేడు, 1894లో, డేనియల్ డులానీ అడిసన్ ఆమె జీవితాన్ని, ఉత్తరాలను, డైరీ భాగాలను కలిపి ఒక సంపుటం చేశాడు; అది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పుటల ఫోటోలతో సహా ఉంది. 1989లో షర్లీ మార్కలోనిస్ రాసిన పరిశోధనాత్మక జీవిత చరిత్రకు మాత్రం ఇంకా హక్కులున్నాయి. దానిని చదివి, పేరు చెప్పి ప్రస్తావించవచ్చు కాని పేరాలకు పేరాలు దించుకోకూడదు.

చాలామంది ముందుగా జీవిత చరిత్ర చదివి, తర్వాత ఆత్మకథ, చివరగా కవితలు చూస్తారు. దీనిని తిరగేయమని నా సలహా. మొదట ఒక పది, పదిహేను కవితలు ఏ వివరణా లేకుండా చదివి, మీకు తోచినది ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలి. తర్వాత ఆత్మకథ, ఆ తర్వాత ఉత్తరాలు, చివరగా పరిశోధకురాలి పుస్తకం. పరిశోధకురాలి అభిప్రాయం ముందే తలకెక్కితే ఇక మన కళ్లతో చదవడం ఉండదు.

ఇంటర్నెట్‌లోని పాత పుస్తకాలను యంత్రం అక్షరాలుగా మార్చినప్పుడు అంకెలు తారుమారవుతుంటాయి, కాబట్టి ప్రతి తేదీనీ పుట ఫోటోలో సరిచూసుకోవాలి. ఏడాది చివర్లో వెలువడిన పుస్తకాల మీద మరుసటి యేడు వేయడం అక్కడి ప్రచురణకర్తలకు అలవాటు; లార్కం మొదటి పెద్ద కవితా సంపుటానికి ఒక చోట 1868 అని, మరొక చోట 1869 అని కనిపించడానికి ఇదే కారణం. ముఖపత్రం మీది సంవత్సరాన్ని తీసుకుని వ్యాసమంతటా దానినే పాటిస్తే సరిపోతుంది.

బతుకుదెరువు పట్టిక

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు సంవత్సరాలు, మధ్యలో పని, కుడివైపు ఆ కాలంలో రాసినవి వేసుకోవాలి. లార్కం విషయంలో ఆ పట్టిక ఇంచుమించు ఇలా నిండుతుంది. 1824 మార్చి 5న మసాచుసెట్స్ రాష్ట్రంలోని బెవర్లీ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టింది. పదిమంది సంతానంలో తొమ్మిదో బిడ్డ. తండ్రి బెంజమిన్ ఓడ కెప్టెన్‌గా పనిచేసి మానుకుని దుకాణం నడిపినవాడు. ఆయన ఆమె చిన్నతనంలోనే చనిపోవడంతో తల్లి లోయిస్ పిల్లలను వెంటబెట్టుకుని లోవెల్ అనే మిల్లుల పట్టణానికి వెళ్లి, మిల్లులో పనిచేసే ఆడపిల్లలకు భోజన వసతి గృహం నడిపింది. ఆ రాబడి చాలక లూసీ మిల్లుకు వెళ్లింది. మధ్యమధ్య విరామాలతో సుమారు పదేళ్లు అక్కడే పనిచేసింది. 1846లో అక్క ఎమిలీన్ కుటుంబంతో కలిసి ఇల్లినాయ్ మైదానాలకు వెళ్లి పల్లె బడుల్లో పాఠాలు చెప్పింది. అక్కడే గాడ్‌ఫ్రీలోని మాంటిసెల్లో సెమినరీలో పాఠాలు చెబుతూ తానూ చదువుకుని 1852లో చదువు ముగించింది. 1854 నుంచి 1862 వరకు నార్టన్‌లోని వీటన్ సెమినరీలో ఉపాధ్యాయురాలు. 1865 నుంచి 1873 వరకు ‘అవర్ యంగ్ ఫోక్స్’ అనే పిల్లల పత్రిక సంపాదకుల్లో ఒకరు. ఆ పైన మరణించేదాకా కలమే ఆధారం.

ఈ పట్టికను చూస్తూ కూర్చుంటే ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. పదేళ్లు మిల్లులో ఉన్న మనిషి మిల్లు మీద తన పెద్ద కథాకావ్యం ‘యాన్ ఐడిల్ ఆఫ్ వర్క్’ను 1875లో, అంటే మిల్లు వదిలిన దాదాపు ముప్పై యేళ్లకు రాసింది. ఎందుకంత ఆలస్యం? పాఠాలు చెప్పిన కాలంలో ఆరోగ్యం గురించి, అలసట గురించి ఉత్తరాల్లో తరచుగా ఎందుకు రాసింది? పిల్లల పత్రిక ఆగిపోయిన వెంటనే వరుసగా పుస్తకాలు ఎందుకు వచ్చాయి? ఇవే మీ వ్యాసంలోని అధ్యాయాలకు మొలకలు.

మిల్లును కళ్లకు కట్టడం

వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి. మెరిమాక్ నది నీటి వేగంతో నడిచే లోవెల్ మిల్లుల్లో మొదటిది 1823లో మొదలైంది. పనివాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల రైతు కుటుంబాల ఆడపిల్లలు. తెల్లవారుజామున ఐదింటికి గంట మోగితే సాయంత్రం ఏడింటిదాకా పని. పొద్దుటి తిండికి అరగంట, మధ్యాహ్నానికి అరగంట. వారానికి సగటున 73 గంటలు. వసతి గృహాలు రాత్రి పదింటికి తలుపులు మూసేవి, ఆదివారం చర్చికి వెళ్లడం కంపెనీ నియమం.

ఇందులో చిన్నపిల్లల పని వేరు. నూలు వడికే యంత్రాల మీద నిండిన కండెలను తీసి ఖాళీ కండెలు పెట్టాలి. ముప్పావు గంటకు ఒకసారి అటువంటి మార్పిడి. లార్కంతో పాటు పనిచేసి, తర్వాత రచయిత్రి అయిన హారియెట్ హాన్సన్ రాబిన్సన్ లెక్క ప్రకారం పిల్లల చేతులకు గంటలో పావుగంట మాత్రమే పని ఉండేది, కాని దాదాపు పద్నాలుగు గంటలు మిల్లులోనే ఉండవలసి వచ్చేది. ఆ మిగతా ముప్పావు గంటే లార్కం కథకు కీలకం. మొదట్లో పిల్లలంతా యంత్రాల మధ్య ఆడుకునేవారు. పెద్దయ్యాక ఆమె కిటికీ దగ్గర నిలబడే పని దొరికించుకుంది. మిల్లులోకి పుస్తకాలు తేకూడదని అచ్చు వేసిన నిబంధన ఉండడంతో, వార్తాపత్రికల నుంచి పద్యాలు కత్తిరించి కిటికీ చట్రం లోపలివైపు అంటించుకుంది. కదుర్ల, చక్రాల రొద మొదట్లో విసిగించేదనీ, అలవాటు పడ్డాక అదే నిశ్శబ్దంలా మారిపోయిందనీ ఆత్మకథలో రాసుకుంది. ఈ రెండు వివరాలనూ ఒక్క వాక్యంలో తేల్చేయకుండా నిదానంగా రాయండి. ఆ చట్రం మీది కాగితం ముక్కలే ఆమె విశ్వవిద్యాలయం.

మన ప్రాంతపువారికి ఇక్కడ ఒక సదుపాయం ఉంది. చండూరులోనో కొయ్యలగూడెంలోనో చిన్నతనంలో కండెలు చుట్టిన, ఆసు పోసిన (నేతకు ముందు నూలు పోగులను మేకుల చుట్టూ చేతితో తిప్పి అమర్చిన) పెద్దలు ఇంకా ఉన్నారు. రాసే ముందు ఒక మధ్యాహ్నం వారితో కూర్చోండి. “అవ్వా, చిన్నప్పుడు కండెలు చుట్టేటప్పుడు మనసుల ఏముండేది?” అని అడిగితే, “ఏముంటది బిడ్డా, చెయ్యి దాని పని అది జేస్తది, మనం పాట పాడుకుంట ఉంటం, లేకుంటే ఊకె కూసొని గోడ దిక్కు జూస్తం” అన్న ధోరణిలో జవాబు వస్తుంది. చేతులు ఒక చోట, మనసు మరొక చోట ఉండే ఆ స్థితి లార్కం కవిత్వానికి పుట్టిల్లు. దానిని గ్రంథాలయంలో కంటే ఇక్కడే బాగా పట్టుకోగలం. తల్లి ఆసు పోస్తూ భుజాల నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం సంగతి మన దగ్గర తెలియనివారు లేరు. పనిలో చెయ్యి ఎటు కదులుతుందో, ఏ కీలు నొస్తుందో అంత దగ్గరగా చూసే చూపు జీవితం రాసేవారికీ కావాలి.

ఇక ముందు చెబుతానన్న చిక్కు. పోలిక అనువుగా ఉంది కదా అని సాగదీయకూడదు. మన నేతింట్లో కండెలు చుట్టే పిల్లకు జీతం లేదు, గంట లేదు. ఇల్లే కార్ఖానా, తల్లిదండ్రులే యజమానులు, అప్పు ఇచ్చిన సేటు వెనక ఎక్కడో ఉంటాడు. లోవెల్‌లో మిల్లు బోస్టన్ పెట్టుబడిదారులది, కూలి నగదుగా ఆ పిల్ల చేతికే వచ్చేది, నచ్చకపోతే సొంతూరికి తిరిగి వెళ్లగల అవకాశం చాలామందికి ఉండేది. పదకొండేళ్ల లూసీ ఇంటికి భారం కాకుండా ఉన్నందుకు మొదటి రోజు సంబరపడిందంటే ఈ తేడా వల్లనే. ఆమెను మన నేతపిల్లగా మార్చి రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది, కాని అది ఆమె జీవితం కాదు.

ఆత్మకథను సాక్ష్యంగా చదవడం

‘ఎ న్యూ ఇంగ్లండ్ గర్ల్‌హుడ్’ చదివినవారికి మిల్లు జీవితం కష్టమైనా మొత్తం మీద మంచిదే అన్న అభిప్రాయం కలుగుతుంది. దానిని అలాగే వ్యాసంలోకి ఎత్తుకోవడానికి ముందు మూడు విషయాలు అడగాలి: ఎప్పుడు రాసింది, ఎవరికోసం రాసింది, ఏం వదిలేసింది. రాసినప్పుడు ఆమెకు అరవై అయిదేళ్లు. పాఠకులుగా మనసులో పెట్టుకున్నది చదువుకునే వయసు ఆడపిల్లలను. చేతిపని చేసిన ఆడపిల్లలంటే చిన్నచూపు చూసే కాలంలో, మిల్లు పిల్లలు గౌరవస్థులని చెప్పడం ఆమెకు పట్టుదల. ఆ పట్టుదల న్యాయమైనదే, అయితే అది కొన్నిటిని వెనక్కి నెట్టింది.

లోవెల్ ఆడపిల్లలు 1834లో కూలి తగ్గించినందుకు, 1836లో వసతి గృహపు ఖర్చు తమ మీద మోపినందుకు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. రాబిన్సన్ 1898లో అచ్చయిన తన పుస్తకంలో, పదకొండేళ్ల వయసులో తాను ముందు నడిచి తన గదిలోని పిల్లలను బయటికి తీసుకొచ్చిన వైనాన్ని గర్వంగా చెప్పుకుంది. అదే పట్టణంలో, ఇంచుమించు అదే వయసులో ఉన్న లార్కం కథనంలో ఆ సమ్మెల వేడి కనిపించదు. 1840లో మొదలై 1845 దాకా నడిచిన ‘లోవెల్ ఆఫరింగ్’ అనే మిల్లు పిల్లల పత్రికలో లార్కం రాసింది. 1842లో లోవెల్ చూడవచ్చిన చార్లెస్ డికెన్స్ ఆ పత్రికను మెచ్చుకుని తన యాత్రాగ్రంథంలో రాశాడు. రోజుకు పది గంటల పని కోసం పోరాడిన సారా బాగ్లీ మాత్రం ఆ పత్రిక యజమానులకు అనుకూలంగా మాట్లాడుతుందని బహిరంగంగానే విమర్శించింది.

ఒకే మిల్లు పట్టణం గురించి ముగ్గురు స్త్రీల మాటలు ఇలా ఎదురుబొదురుగా ఉన్నప్పుడు న్యాయమూర్తిలా తీర్పు చెప్పాలన్న తొందర వద్దు. తెలంగాణ సాయుధ పోరాటం మీద నల్లగొండ పల్లెల్లో పెద్దవారిని అడిగినవారికి ఇది అనుభవమే: ఒకే దళం గురించి ఇద్దరు చెప్పే మాటలు కలవవు, ఇద్దరూ అబద్ధమాడరు. లార్కం మాటను, రాబిన్సన్ మాటను, బాగ్లీ మాటను పక్కపక్కన పెట్టి, ఎవరు ఏ స్థితి నుంచి మాట్లాడారో చెప్పండి. అయితే మీ అభిప్రాయం మింగేయనవసరం లేదు. నా మటుకు నాకు లార్కం ఉద్దేశపూర్వకంగా దాచిందని అనిపించదు. చదువుకునే వీలు దొరికినంతకాలం మిగతాది భరించగల స్వభావం ఆమెది. కాని ఆ స్వభావాన్ని మిల్లు పిల్లలందరికీ అంటగట్టడం తప్పు.

అడిసన్ పుస్తకాన్ని కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి. అతడు చర్చి గురువు. ఉత్తరాలు, డైరీ పుటలు ఎంచడంలో ఆమె భక్తికి పెద్దపీట వేశాడు. అందులో డబ్బు గురించి, ప్రచురణకర్తల గురించి, ఒంట్లో నలత గురించి ఉన్న చిన్నచిన్న వాక్యాలను వెతికి పట్టుకోండి. బతుకుదెరువు పట్టికకు అవే బలం.

కవితలను ఎక్కడ పెట్టాలి

జీవితం ఒక అధ్యాయం, కవిత్వం మరొక అధ్యాయం అని విడగొట్టడం మన పరిశోధన పత్రాల్లో పాతుకుపోయిన అలవాటు. దానిని వదిలి, ఏ కవిత ఏ పని నుంచి వచ్చిందో ఆ చోటనే పెట్టాలి. రెండు కవితలు బాగా తీసుకుంటే చాలు, ఇరవై కవితల పేర్లు చెప్పనక్కరలేదు.

మొదటిది ‘వీవింగ్’. మగ్గం ముందు రోజంతా నిలబడిన అమ్మాయి, నది వైపు చూస్తూ, తాను నేసే బట్టలోని పత్తి ఎక్కడిదని ఆలోచిస్తుంది. దక్షిణాది చేలల్లో బానిసలుగా పనిచేసే నల్లజాతి స్త్రీల కష్టం ఆ పోగుల్లో కలిసి ఉందని, తన చేతి పనికి ఆ పాపంతో సంబంధం ఉందని గ్రహిస్తుంది. లోవెల్ మిల్లుల పత్తి దక్షిణాది తోటల నుంచే వచ్చేది. ఉత్తరాది మనుషులు బానిసత్వాన్ని దూరపు సంగతిగా మాట్లాడుతున్నప్పుడు, అది తమ మగ్గం మీదే ఉందని ఒక మిల్లు పనిపిల్ల చెప్పడం చిన్న విషయం కాదు. ఈ కవితను వివరించడానికి నల్లగొండ పాఠకుడికి ఎక్కువ శ్రమ పడనక్కరలేదు: పత్తి చేను, జిన్నింగ్ మిల్లు, మగ్గం మూడూ మన దగ్గరే ఉన్నాయి, పత్తి ఏరే కూలీలూ ఆడవాళ్లే. అయితే కూలి వేరు, బానిసత్వం వేరు అన్న గీతను మాత్రం చెరపకూడదు. 1855లో ఆమె ‘కాల్ టు కాన్సాస్’ అనే పాటకు, బానిసత్వం లేని రాష్ట్రంగా కాన్సాస్‌ను నిలపడానికి జనాన్ని పంపుతున్న న్యూ ఇంగ్లండ్ వలస సహాయ సంఘం నుంచి బహుమతి పొందిందన్న సంగతిని కూడా ఇక్కడే చేర్చవచ్చు.

రెండవది ఆమెకు పేరు తెచ్చిన ‘హన్నా బైండింగ్ షూస్’. మార్బుల్‌హెడ్ అనే చేపల రేవులో కిటికీ పక్కన కూర్చుని బూట్ల పైతోళ్లకు అంచులు కుట్టే హన్నా, చేపల వేటకు వెళ్లి తిరిగిరాని భర్త బెన్ కోసం ఇరవై చలికాలాలు ఎదురుచూస్తుంది. దారిన పోయేవారిని వార్త అడుగుతుంది, మళ్లీ కుట్టుకుంటుంది. ఆ తీరప్రాంతంలో బూట్ల కంపెనీలు తోళ్లను ఇళ్లకు పంపి ఆడవాళ్లతో కుట్టించుకోవడం అప్పటి మామూలు పద్ధతి, కాబట్టి కవితలో కనిపించే సూది, కిటికీ అలంకారాలు కావు, కూలిపని. బొంబాయికో గల్ఫ్‌కో పోయినవాడి కబురు కోసం చూసే పాలమూరు వలస కుటుంబాల స్త్రీలు ఈ కవిత వింటే వేరే వ్యాఖ్యానం అడగరు. ఒక హెచ్చరిక: లార్కం పెళ్లి చేసుకోలేదు, ఆమె భర్త ఎవరూ సముద్రంలో పోలేదు. హన్నా బాధను కవయిత్రి సొంత బాధగా రాసేయడం ఇటువంటి వ్యాసాల్లో తరచుగా జరిగే పని. ఆమె బెవర్లీ తీరంలో పుట్టింది, అటువంటి ముఖాలను చూసింది, చెప్పదగినది అంతవరకే.

మిగిలిన సంగతులు

పెళ్లి విషయం క్లుప్తంగా ఉంటే మంచిది. బావగారి తమ్ముడితో ఒక మాట కుదిరింది, అతడు కాలిఫోర్నియా వెళ్లాడు, తర్వాత ఆ సంబంధం వీడిపోయింది. దీని మీద పేజీలు నింపేవారు, ఆమె ఎనిమిదేళ్ల వీటన్ ఉద్యోగం మీద రెండు వాక్యాలతో సరిపెడతారు. అక్కడ ఆమె విద్యార్థినుల రచనల కోసం 1855లో ‘రష్‌లైట్’ అనే పత్రికను మొదలుపెట్టించింది; మిల్లు వసతి గృహంలో అక్కాచెల్లెళ్లు కలిసి నడిపిన చేతిరాత పత్రిక నుంచి దీని వరకు ఒక దారి కనిపిస్తుంది, దానిని చూపించండి.

కవి జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్‌తో ఆమె స్నేహం లోవెల్ రోజుల్లోనే మొదలై అర్ధశతాబ్దం నిలిచింది. 1870లలో విట్టియర్ పేరుతో వచ్చిన పిల్లల కవితల, గద్యాల సంకలనాల్లో, ‘సాంగ్స్ ఆఫ్ త్రీ సెంచరీస్’లో సేకరణ శ్రమ చాలావరకు లార్కందే, ముఖపత్రం మీద ఉన్నది మాత్రం విట్టియర్ పేరు. దీనిని దోపిడీ కథగా రాయాలన్న ఉత్సాహం కలగవచ్చు. ఆయన పేరుంటేనే పుస్తకాలు అమ్ముడుపోయేవి, ఆ పని ఆమెకు రాబడి తెచ్చింది, ఆయన ముందుమాటలో ఆమె సాయాన్ని ఒప్పుకున్నాడు. పట్టికలోని మధ్య గడిలో దీనిని ‘పేరు లేని పని’ అని వేసుకుని, పాఠకుడి ముందు వివరాలు పెడితే అతడే తేల్చుకుంటాడు.

రాసేటప్పుడు, పంపేటప్పుడు

వ్యాసాన్ని పుట్టుకతో మొదలుపెట్టనక్కరలేదు. మిల్లు కిటికీతో మొదలుపెట్టి, అక్కడి నుంచి బెవర్లీకి వెనక్కి వెళ్లి, తర్వాత కాలక్రమం పాటిస్తే కథ నడుస్తుంది. కవితలను తెలుగు చేసేటప్పుడు ఛందస్సు కోసం తంటాలు పడకుండా, నాలుగైదు పంక్తుల భావాన్ని వచనంలో ఇచ్చి, మూలాన్ని అనుబంధంలో పెట్టండి. అమెరికన్ ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు మొదటిసారి వచ్చినప్పుడు ఎలా రాశారో చివరిదాకా అలాగే ఉండాలి; ఒక పుటలో లోవెల్, మరొక పుటలో లోవెల్లు అని ఉంటే పరీక్షకుడి కన్ను ముందు అక్కడే పడుతుంది.

సాహిత్య సభలో చదవవలసి వస్తే ఇరవై పేజీలను ఇరవై నిమిషాలకు కుదించాలి. అప్పుడు తీసేయవలసినవి పుస్తకాల పేర్లు, ఇల్లినాయ్ వివరాలు. ఉంచవలసినవి కండెల మార్పిడి, కిటికీ, మూడు సాక్ష్యాల పేరా, రెండు కవితలు. ఆమె 1893 ఏప్రిల్ 17న బోస్టన్‌లో మరణించిందనీ, పుట్టిన ఊరు బెవర్లీలోనే సమాధి చేశారనీ ఒక వాక్యంలో చెప్పి ఆపవచ్చు. పత్రికకు పంపేవారు ఆమె కాలపు ఫోటోను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని అడిసన్ సంపుటం నుంచి తీసుకుని, ఎక్కడిదో కింద రాసి జతచేయండి. యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపితే, ‘అను’ అనే అచ్చు ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరినా సరిచూసుకోవడానికి సంపాదకుడి దగ్గర ఒక ప్రతి ఉంటుంది.